‘దొరకలేదు’ అని చెప్పగల నోరు

విజ్ఞానము – విశ్వాసము



గార్లదిన్నె, పామిడి, గుత్తి ప్రాంతపు సంఘములలో యౌవనుల కూటములకు వెళ్లినప్పుడు మాకు తరచుగా ఎదురయ్యే ప్రశ్న ఒకటి ఉన్నది. “అయ్యగారూ, దైవకణం దొరికిందంట కదా, అంటే దేవుడు మిషన్‌లో దొరికినట్లేనా?” అని కాలేజీ పిల్లలు అడుగుతారు. పెద్దలు కొందరు మరొక విధముగా అంటారు: “చూచారా, సైంటిస్టులే చివరకు దేవుడున్నాడని ఒప్పుకొన్నారు.” ఒకరికి భయము, మరొకరికి సంబరము. రెండింటికిని ఆధారము పేపర్లో అచ్చయిన ఒక పేరు మాత్రమే. ఈ నెల ఆ పేరు వెనుక ఉన్న సంగతి ఏమిటో, దానిలో మన సంఘములు నేర్చుకొనవలసినది ఏమున్నదో చూద్దాము.

మన ఇంటి గోడ, చేలోని మట్టి, చేతిలోని శెనక్కాయ, మన శరీరము, అన్నియు పరమాణువులతో కట్టబడినవే. పరమాణువు నడుమ కేంద్రకము ఉన్నది. దానిలో ప్రోటాన్లు, న్యూట్రాన్లు. వాటి లోపల ఇంకను చిన్నవైన క్వార్కులు ఉన్నవి. వీటిని ఏ సూక్ష్మదర్శినితోను చూడలేము. అందుచేత శాస్త్రజ్ఞులు వీటిని మిక్కిలి వేగముతో ఎదురెదురుగా ఢీకొట్టించి, బయటికి చిమ్మినవాటి జాడలను బట్టి లోపల ఏమి జరిగినదో తెలిసికొందురు.

ఈ పనికై స్విట్జర్లాండు, ఫ్రాన్సు సరిహద్దులో జెనీవా నగరము దగ్గర సెర్న్ అనే సంస్థ ఉన్నది. అక్కడ నేల క్రింద సుమారు 100 మీటర్ల లోతున, 27 కిలోమీటర్ల చుట్టుకొలత గల గుండ్రని సొరంగము త్రవ్వారు. అందులో పెట్టిన యంత్రము పేరు లార్జ్ హాడ్రాన్ కొలైడర్. దానిలో ప్రోటాన్లు ఒక్క సెకనులో 11,000 సార్లకు పైగా చుట్టి వచ్చి ఢీకొనును. అప్పుడు వాటి వేగములోని శక్తి క్రొత్త కణములుగా మారును. శక్తికిని పదార్థమునకును ఉన్న ఈ సంబంధమును ఐన్‌స్టయిన్ 1905లో లెక్క కట్టి చూపారు. రెండు శెనక్కాయలు గుద్దుకొంటే గుమ్మడికాయ రాలినదంటే మనము నవ్వుతాము. కాని అక్కడ జరిగేది అటువంటిదే. దైవకణమని పేపర్లు పిలిచిన ఆ కణము, ఢీకొన్న ఒక్కొక్క ప్రోటాను కంటె సుమారు 130 రెట్లు బరువైనది.

దాని అసలు పేరు హిగ్స్ బోసాన్. ‘హిగ్స్’ అన్నది ఇంగ్లాండులో పుట్టి స్కాట్లాండులో పనిచేసిన పీటర్ హిగ్స్ పేరు. ‘బోసాన్’ అన్నది మన బెంగాలు శాస్త్రజ్ఞుడైన సత్యేంద్రనాథ్ బోసు పేరు మీద వచ్చినది. ఇక ‘దైవకణము’ అనే పేరు ఎట్లు వచ్చినది? అమెరికా శాస్త్రజ్ఞుడు లియోన్ లెడర్మన్ 1993లో సామాన్య జనుల కొరకు వెలువరించిన పుస్తకమునకు ఆ పేరు పెట్టారు. ఎంత వెదకినను దొరకక విసిగించుచున్నందున దానిని ‘పాపిష్టి కణము’ వంటి తిట్టుపేరుతో పిలువవలెననుకొన్నాననియు, ప్రచురణకర్త ఒప్పుకొనలేదనియు ఆయనే హాస్యముగా వ్రాశారు. దేవుని నమ్మని పీటర్ హిగ్స్ సహితము, నమ్మేవారి మనస్సు నొచ్చునేమోనని ఆ పేరును ఇష్టపడలేదు. కాబట్టి ఆ పేరును చూచి భయపడవలసినదియు లేదు, సంబరపడవలసినదియు లేదు. ఆ కణము వలన తెలిసినది ఒక్కటే: ఎలక్ట్రాన్లు, క్వార్కుల వంటి మూలకణములకు బరువు ఎట్లు కలుగుచున్నదో తెలిసినది. మన శరీరపు బరువంతయు దానివలననే కలుగుచున్నదనుట కూడ సరికాదు. మన బరువులో అధిక భాగము ప్రోటాన్లు, న్యూట్రాన్ల లోపల కట్టుబడియున్న శక్తివలన కలిగినదే.

పేరు సంగతి అట్లుండగా, ఆ కణమును వెదకిన విధము మన ధ్యానమునకు తగినది. 1964లో బెల్జియమునకు చెందిన ఫ్రాన్స్వా ఎంగ్లేర్, రాబర్ట్ బ్రౌట్ ఒక ప్రక్కన, పీటర్ హిగ్స్ మరొక ప్రక్కన, ఆ వెంటనే మరి ముగ్గురు, కాగితము మీద లెక్కలు వేసి ఒక సిద్ధాంతము చెప్పారు. అది నిజమైతే ఇటువంటి కణము ఉండవలెను. పుట్టిన వెంటనే అది ఫలానా విధముగా విడిపోవలెను, ఫలానా జాడలు విడువవలెను. దాని బరువెంతో మాత్రము ఆ లెక్కలో తేలలేదు. కాబట్టి వెదకవలసిన చేను చాల పెద్దదైనది. 1989 నుండి 2000 వరకు అదే సొరంగములో ఉండిన మునుపటి యంత్రము వెదకి, ‘ఇంత బరువు లోపల అది లేదు’ అని తేల్చినది. అమెరికాలోని ఫెర్మీలాబ్ యంత్రము 2011లో ఆగిపోవువరకు మరికొంత మేర వెదకి, ‘ఇక్కడ లేదు’ అన్నది. చెప్పిన ప్రతి ‘లేదు’ వలన వెదకవలసిన చేను తగ్గినది.

కొలైడర్‌లో సెకనుకు వంద కోట్ల వరకు తాకిళ్లు జరుగగలవు. అన్ని తాకిళ్లలో సుమారు ఒక్కదానిలో హిగ్స్ కణము పుట్టును, పుట్టిన క్షణములోనే మాయమగును. చేటలో గింజలు చెరిగే తల్లులకు ఈ కష్టము తెలియును. అందుచేత రెండు బృందములను వేరువేరుగా పనిచేయనిచ్చారు. కాకతాళీయముగా అటువంటి గుర్తు కనబడుటకు 35 లక్షలలో ఒక వంతుకంటె ఎక్కువ అవకాశము లేదని తేలువరకు ‘కనుగొన్నాము’ అనకూడదని నియమము పెట్టుకొన్నారు. 2012 జూలై 4న రెండు బృందములును ఒకే మాట చెప్పగలిగాయి. ఆ సభలో కూర్చున్న పీటర్ హిగ్స్‌కు అప్పటికి 83 ఏండ్లు. ఆయన కన్నీళ్లు తుడుచుకొన్నారు. ఆ మాట చెప్పి 48 సంవత్సరములైనది. 2013లో ఎంగ్లేర్‌కును హిగ్స్‌కును నోబెల్ బహుమానము వచ్చినది. బ్రౌట్ 2011లోనే కన్నుమూశారు.

ఇదంతయు దూరదేశపు ముచ్చట అని అనుకొనవద్దు. మన రాయలసీమ సరిహద్దు దాటగానే, తెలుగు మాట బాగుగా వినబడే కోలారు జిల్లాలో, బంగారు గనులలో ఇటువంటి వెదకులాట నలుబది ఏండ్లు సాగినది. ఆ గనులను కడపట నడిపిన భారత్ గోల్డ్ మైన్స్ కంపెనీయే పూర్వపు మన అనంతపురం జిల్లాలోని రామగిరిలోను గని నడిపినది.

మనుష్యులు యంత్రము కట్టకమునుపే ఆకాశములో ఇట్టి తాకిళ్లు జరుగుచున్నవి. అంతరిక్షమునుండి వచ్చే విశ్వకిరణములు గాలిలోని పరమాణువులను గుద్దగా, మ్యూయాన్లు, న్యూట్రినోలు అనే కణములు పుట్టి నేలమీదికి కురియును. నేల లోనికి పోయినకొలది మ్యూయాన్లు తగ్గిపోవును. ఎంత లోతున ఎంత తగ్గునో కొలుచుటకు హోమీ భాభా ప్రోత్సాహముతో బి.వి. శ్రీకంఠన్ 1951లో కోలారు గనిలోనికి దిగారు. బొంబాయిలోని టాటా పరిశోధన సంస్థవారు తరువాత ఇంకను లోతునకు వెళ్లారు. సుమారు 2,760 మీటర్ల లోతున రెండు నెలలు పరికరములు పెట్టి కూర్చున్నను ఒక్క మ్యూయానైనను రాలేదు.

మరియొకరైతే శ్రమ వ్యర్థమైనదని గని విడిచి వెళ్లేవారు. వీరు ఆ నిశ్శబ్దమునే విలువైనదిగా ఎంచారు. అంత నిశ్శబ్దమైన చోటనైతే న్యూట్రినోను పట్టవచ్చునని గ్రహించారు. న్యూట్రినో ఉండవలెనని 1930లో వోల్ఫ్‌గాంగ్ పౌలీ ఊహించారు. దానిని ఎవరును పట్టలేరేమోనని ఆయనే దిగులుపడ్డారు. 1956లో అణు రియాక్టరు దగ్గర అది మొదట దొరికినది. ఆకాశములో పుట్టిన న్యూట్రినో జాడ మాత్రము 1965లో కోలారు గనిలో, 2.3 కిలోమీటర్ల లోతున కనబడినది. ఎం.జి.కె. మేనోన్, శ్రీకంఠన్, వి.ఎస్. నరసింహం, పి.వి. రమణమూర్తి మొదలైన మనవారును, జపాను, ఇంగ్లాండు శాస్త్రజ్ఞులును కలిసి చేసిన పని అది. అదే సంవత్సరము దక్షిణాఫ్రికా బంగారు గనిలో మరొక బృందము కూడ దానిని చూచినది.

ఇంతవరకు గెలుపు కథ. మేము మీకు ముఖ్యముగా చెప్పదలచినది దీని తరువాతి భాగము.

1975లో ఆ గనివారే మరొక సంగతి ప్రకటించారు. తమ పరికరములలో కొన్ని వింత జాడలు కనబడినవి, అవి ఇంతవరకు ఎవరును ఎరుగని బరువైన కణమువి కావచ్చును, అన్నారు. లోకమంతట వాటిని ‘కోలారు ఘటనలు’ అని పిలిచారు. సెర్న్‌లోను, ఫెర్మీలాబ్‌లోను వెంటనే వెదకారు. దొరకలేదు. 2014లో కూడ మన దేశపు ఇద్దరు శాస్త్రజ్ఞులు మూర్తి, రాజశేఖరన్ ఆ జాడలను మరల ముందుకు తెచ్చి, అవి కంటికి కానరాని కృష్ణపదార్థపు గుర్తులేమో చూడవలెనని వ్రాశారు. నేటికిని అది తేలని ప్రశ్నగానే ఉన్నది. అయినను దొరకనిదానిని దొరికినదని పాఠ్యపుస్తకములలోనికి ఎక్కించలేదు.

మరొకటి చూడండి. ప్రోటాను సహితము శాశ్వతము కాదు, ఎప్పుడో ఒకనాడు విడిపోవునని 1974లో ఒక సిద్ధాంతము వచ్చినది. దాని ఆయుష్షు ఒకటి ప్రక్కన సుమారు 30 సున్నలు పెట్టినన్ని సంవత్సరములు. అంతకాలము ఎవరు కాచుకొని కూర్చుందురు? దానికి ఉపాయమున్నది. ఒక చింతచెట్టునుండి వందేండ్లకు ఒక్క కాయ రాలుననుకొందాము. వంద చెట్ల తోపులో కూర్చుంటే ఏటికొక కాయ రాలుట చూడవచ్చును. అట్లే లెక్కలేనన్ని ప్రోటాన్లున్న 140 టన్నుల ఇనుమును కోలారు గనిలో 2.3 కిలోమీటర్ల లోతున పేర్చి, జపానువారితో కలిసి 1980 నుండి కాపలా కాశారు. ఇవి ఆ గుర్తులు కావచ్చునని కొన్నింటిని ప్రకటించారు కూడ. కాని అమెరికా ఉప్పు గనిలోను, జపానులోని కమియోకా గనిలోను ఇంకను పెద్ద పరికరములు పెట్టి చూస్తే అటువంటివి కనబడలేదు. నేడు జపానులోని సూపర్ కమియోకాండె కొలతల ప్రకారము, ఆ సిద్ధాంతము ముఖ్యముగా చెప్పిన విధమున ప్రోటాను విడిపోవుననుకొంటే, దాని ఆయుష్షు ఒకటి ప్రక్కన 34 సున్నలు పెట్టినన్ని సంవత్సరములకు మించియుండవలెను. మొదట చెప్పిన ఆ అందమైన సిద్ధాంతమును ఉన్నది ఉన్నట్లుగా నిలుపుకొనుటకు వీలులేకపోయినది.

అయితే ఆ కాపలా వ్యర్థము కాలేదు. ప్రోటాను కొరకు కాచుకొన్న కమియోకా పరికరమే 1987 ఫిబ్రవరి 23న ఆకాశములో పేలిన ఒక నక్షత్రమునుండి వచ్చిన న్యూట్రినోలను పట్టినది. న్యూట్రినోకు బరువున్నదనుటకు ఆధారము 1998లో సూపర్ కమియోకాండెలోనే దొరికినది. కోలారు గనులు 2001లో మూతపడ్డాయి.

ఈమధ్య జరిగినది కూడ చెప్పవలెను. 2015 డిసెంబరులో సెర్న్ బృందములు రెండును, హిగ్స్‌కంటె ఆరు రెట్లు బరువైన క్రొత్త కణపు గుర్తు కనబడుచున్నట్లున్నదని చూపాయి. కొన్ని నెలలలోనే శాస్త్రజ్ఞులు దానిని వివరించుచు ఐదు వందల వరకు వ్యాసములు వ్రాశారు. 2016 ఆగస్టు నాటికి మరిన్ని కొలతలు చేరగా ఆ గుర్తు మాసిపోయినది. అదే బృందములు వేదిక మీద నిలబడి ‘అది లేదు’ అని చెప్పాయి. అట్లే ప్రతి కణమునకు బరువైన జతకణము ఒకటి ఉండవలెననే ‘సూపర్‌సిమెట్రీ’ అను సిద్ధాంతమును ఎందరో నమ్మారు. కొలైడర్‌లో ఇంతవరకు ఒక్క జతకణమైనను కనబడలేదు. ‘ఇంకొంచెము బరువుగా ఉండునేమో, యంత్రము శక్తి పెంచి చూడండి’ అని కొందరు అనుచున్నారు. ‘ఎంతకని జరుపుకొంటూ పోదుము?’ అని తోటి శాస్త్రజ్ఞులే వారిని అడుగుచున్నారు.

ఆ మాట వింటే మన రైతులకు ఏదో జ్ఞాపకము రావలెను. సంవత్సరమునకు సుమారు 550 మిల్లీమీటర్ల వాన కురిసే నేల ఇది. పెనకచెర్ల డ్యాము మన మండలములోనే ఉన్నను, కాలువ అందని చేలకు బోరే దిక్కు. టెంకాయను అరచేతిలో పెట్టుకొని, లేదా వేప పంగలకర్ర పట్టుకొని చేలో నడిచే మనిషి “ఇక్కడ వెయ్యండి, మూడు వందల అడుగులకు రెండించుల నీళ్లు” అంటాడు. రిగ్గు వస్తుంది. మూడు వందలకు దుమ్మే లేస్తుంది. “ఇంకో వంద వెయ్యండి” అంటాడు. ఐదు వందలకును దుమ్మే. అప్పుడు “గంగ పక్కకు తప్పుకొంది” అంటాడు, లేదా “మీ గ్రహచారం” అంటాడు. నీళ్లు పడితే పేరు ఆయనది. పడకపోతే అప్పు రైతుది. ఆయన మాట ఓడిపోవుటకు వీలులేని మాట. ఓడిపోవుటకు వీలులేని మాటలో సత్యమున్నదో లేదో తెలిసికొనుటకు దారి లేదు. ఇంతవరకు ఎన్ని పాయింట్లు పెట్టితివి, ఎన్ని ఎండినవి అని ఆయనను అడిగేవారెందరు?

సంఘములోను ఇట్టి మాటలు రాకపోలేదు. “వచ్చే పండుగలోగా నీకు బిడ్డ కలుగును, దేవుడు నాకు చూపాడు” అని ప్రకటించి కానుక తీసికొని వెళ్లిన బోధకుడు, ఆ పండుగ గడిచిన తరువాత “మీకు విశ్వాసము చాలలేదు” అంటాడు. “మాత్రలు మానివేయి, స్వస్థత దొరికింది” అని టీబీ రోగితో చెప్పేవాడు, జబ్బు ముదిరినప్పుడు ఆ ఊరిలో కనబడడు. నెపము ఎప్పుడును వినినవారిదే. యంత్రములో కణములు వెదకే మనుష్యులు, వారిలో దేవుని ఎరుగనివారు సహితము, తమ మాట తప్పితే తప్పినదని వేదిక మీద చెప్పుచుండగా, దేవుని పేరు పెట్టి మాట్లాడేవారము అంతకంటె తక్కువ నమ్మకస్థులమై ఉండవచ్చునా?

వాక్యమును తెరచి చూడండి. ద్వితీయోపదేశకాండము 18వ అధ్యాయము కడపటి వచనములలో, ప్రవక్త యెహోవా పేరట చెప్పినది జరుగకపోతే ఏమని తెలిసికొనవలెనో మోషే స్పష్టముగా చెప్పాడు. బెరయవారు పౌలు చెప్పినదానిని సహితము ప్రతిదినము లేఖనములతో సరిచూచుకొన్నారని అపొస్తలుల కార్యములు 17వ అధ్యాయములో ఉన్నది. అందుకు వారిని అవిశ్వాసులు అనలేదు, ఘనులని మెచ్చుకొన్నది. థెస్సలొనీకయులకు వ్రాసిన మొదటి పత్రిక 5వ అధ్యాయము 21వ వచనము మీకు కంఠస్థమే. గిద్యోను సంగతి న్యాయాధిపతులు 6వ అధ్యాయములో చదవండి. గొఱ్ఱెబొచ్చు తడిసి నేల ఆరియుండవలెనని అడిగి, అది చాలక మరునాడు దానిని తలక్రిందులు చేసి అడిగాడు. ఉన్ని సహజముగానే మంచును పీల్చునేమోనన్న సందేహమును రెండవ పరీక్ష తీర్చినది. దేవుడు అతనిమీద కోపపడలేదు. దేవుని శోధించుట వేరు, దేవుని పేరట మాట్లాడే మనుష్యుని మాటను పరీక్షించుట వేరు. మొదటిదానిని ప్రభువు అరణ్యములో నిరాకరించాడు. రెండవదానిని మనకు ఆజ్ఞాపించాడు.

ఇక్కడ ఒక హెచ్చరిక చెప్పవలెను. “సైంటిస్టులు కూడ 48 ఏండ్లు చూడక నమ్మారు, మన విశ్వాసము కూడ అట్టిదే” అని కొందరు ప్రసంగములలో ఉదాహరణ చెప్పుచున్నారు. అది అంతగా అమరదు. వారు లెక్కను పరీక్షకు పెట్టారు, దొరకకపోతే విడిచిపెట్టుటకు సిద్ధపడ్డారు. మనము నమ్మినది ఒక లెక్కను కాదు, మనలను ప్రేమించి ప్రాణము పెట్టిన ఒక వ్యక్తిని. దేవుడు సృష్టిలో ఒక కణము కాడు, ఢీకొట్టించి బయటికి తీయుటకు. కణము దొరికినందున ఆయన ఉన్నాడని తేలదు, దొరకనందున లేడనియు తేలదు. కాబట్టి మన విశ్వాసమును పేపర్లలోని వార్తలకు కట్టివేయవద్దు.

యోబు గ్రంథము 28వ అధ్యాయమును ఈ నెల కుటుంబ ప్రార్థనలో చదువుడని కోరుచున్నాము. కోలారు గనిలో దిగినవారికి తప్పక తెలిసియుండవలసిన అధ్యాయమది. మనుష్యుడు చీకటిలో దీపము పట్టుకొని, పర్వతముల కుదుళ్లవరకు త్రవ్వి, వెండిని బంగారమును వెలికి తీయుట అందులో వర్ణింపబడినది. ఆ శ్రమను దేవుని వాక్యము తక్కువ చేయలేదు. కాని జ్ఞానము ఎక్కడ దొరకునని అడిగినప్పుడు, ఆ లోతు సహితము అది తనయొద్ద లేదని ఒప్పుకొనును. లోతు ఒప్పుకొన్నదానిని మనుష్యుడు ఒప్పుకొనుటకు సిగ్గుపడనేల?

తల్లిదండ్రులారా, మీ పిల్లలు ఇట్టి ప్రశ్నలు అడిగితే గద్దించకండి. తెలియకపోతే తెలియదని చెప్పండి. అది వినిన బిడ్డ మీరు తెలుసునని చెప్పిన మాటను ఎక్కువగా నమ్మును. సైన్సు చదువుకొనుట వలన విశ్వాసము పోవుననే భయము పెట్టుకొనకండి. మోసము నేర్పినప్పుడే విశ్వాసము పోవును. రైతు సోదరులారా, బోరు కొరకు భార్య మెడలోని బంగారము కుదువ పెట్టకమునుపు పాయింటు చూచేవానిని లెక్క అడగండి. సంఘ పెద్దలారా, బోధకుడు వచ్చి ఫలానా దినమున ఫలానాది జరుగునని ప్రకటిస్తే, ఆ మాటను తేదీతో సహా సంఘ పుస్తకములో వ్రాయించి పెట్టండి. ఆ తేదీ వచ్చినప్పుడు పుస్తకము తెరచి చదవండి.

కుటుంబ ప్రార్థనలో మాట్లాడుకొనుటకు:

1. మన ఇంట ఎవరైనను ‘నాకు తెలియదు’ అని చెప్పుటకు భయపడుచున్నారా? ఎందుకు?

2. మనము నమ్మి డబ్బు పెట్టిన మాటలలో, తప్పితే తప్పినదని చెప్పగలిగినవి ఎన్ని?

3. గిద్యోను రెండవసారి ఎందుకు అడిగాడు? పిల్లలచేత చెప్పించండి.

సత్యస్వరూపియైన దేవుడు మన నోటికి ఉన్నది ఉన్నదనుటకును, లేనిది లేదనుటకును ధైర్యమిచ్చును గాక. గనుల లోతులలోను, చదువుల గదులలోను ఆయన సృష్టిని వెదకుచున్న మన పిల్లలకు ఓర్పును, నమ్మకత్వమును అనుగ్రహించును గాక. ఆమేన్.